చేదు తీర్థం

పోయిన ఆదివారం మలేసియాలోని మా బంటింగులో, గుడి హాలులో కుర్రకారుకి ఆరోగ్య సేవలో శిక్షణ ఇస్తున్నాను. రిటైరైన నర్సుని కదా, ఇలాంటివాటికి నన్నే కూర్చోబెడతారు. బీపీ చూడటం అందరూ ఇట్టే నేర్చుకున్నారు. ఒకమ్మాయి మాత్రం, "మాత్ర చేతిలో పెట్టేస్తే మన పనయిపోయినట్టే లా, అమ్మమ్మా?" అంది, ఇక్కడివాళ్ళ వాడుక ప్రకారం మాట చివర 'లా' తగిలించి. నాకు మా పిన్ని గుర్తొచ్చి నవ్వాగలేదు. పాపం, ఆ పిల్ల తప్పు మాట్లాడానేమోనని బిక్కమొహం వేసింది. దగ్గర కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాను.

నా చిన్నప్పుడు, మలయాలో తిరుగుబాటుని అణచడానికి బ్రిటిషువాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. మా రబ్బరు ఎస్టేటులో కూలీల ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర కాపలా. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదారులకి చేరుతుందని గుప్పెడు బియ్యం గానీ, మందుబిళ్ళ గానీ బయటికి పోనిచ్చేవారు కాదు. ఇంట్లో దాచినా అనుమానమే. లోపల మాత్రం చలిజ్వరం ఇంటింటికీ తిరిగేది. ఆసుపత్రి చూసుకునే డ్రెస్సరుగారు ఒక్కరే చాలక, కొందరు ఆడవాళ్ళకి మందులివ్వడం నేర్పారు. వాళ్ళలో మా పిన్ని ఒకతి. ఆవిడకి ఏం చేసినా నిష్ఠే. తెల్లారేసరికి తలస్నానం చేసి, రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, ఇత్తడి పళ్ళెంలో మాత్రలతో పనికి బయల్దేరేవాళ్ళ ఎదుట నిలబడేది. ఆ వాలకం చూసి అందరూ మాత్రని కళ్ళకద్దుకుని తీసుకునేవారు.

నెల తిరిగినా జ్వరాలు తగ్గలేదు. నువ్వు సరిగ్గా పంచుతున్నావా అని డ్రెస్సరుగారు పిన్నిని విసుక్కున్నారు. ఆ సాయంత్రం ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని మా ఇంటికొచ్చేసరికి, ఒళ్ళు కాలిపోతున్న నాన్న దేవుడి గూటి ముందు కూర్చుని, ఒకే మాత్రని విరిచి అమ్మకీ నాకూ తలో ముక్కా పెడుతున్నాడు. గూట్లో ఇంకొన్ని ముక్కలున్నాయి.

"ఇదేటి బావా?" అంది పిన్ని.

"పెసాదం ఒక్కడినే తినెయ్యమంతావేటమ్మా?" అన్నాడు నాన్న.

ఇల్లిల్లూ తిరిగి చూస్తే అన్ని గూళ్ళలోనూ అదే వరస. తనిఖీకి వచ్చినవాళ్ళ కంటబడితే, అవి అడవిలోకి పంపడానికి దాచినవి కావంటే ఎవరు నమ్ముతారు? పిన్ని తిరిగొచ్చి మా గుమ్మంలో చతికిలబడింది. నాన్న మూలుగు వింటూ వింటూ ఉన్నట్టుండి లేచింది.

"పెసాదమైతే ఇంటికి అట్టుకెల్తారు. తీర్తం అట్టుకెల్రు గదా," అంది.

మర్నాడు గూళ్ళలోని ముక్కలన్నీ ఏరి డ్రెస్సరుగారికి అప్పజెప్పింది. ఆయన్ని ఒప్పించి, మాత్రలు నీళ్ళలో కలిపి, చెంచాతో ఒక్కొక్కరి అరచేతిలో పోసింది. మింగేదాకా ఎవర్నీ కదలనిచ్చేది కాదు. నాన్నయితే ఆ చేదుకి కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం వంకర్లు తిప్పేవాడు. కొన్నాళ్ళకి ఆయన జ్వరం దిగింది. మెల్లగా ఊరి జ్వరాలూ తగ్గాయి. సేవ అంటే ఇవ్వడం కాదు, అవతలివాళ్ళ గొంతు దిగేదాకా నిలబడటం అని నాకు అక్కడే తెలిసింది.

మెర్దెకా నాడు, అంటే దేశానికి స్వతంత్రం వచ్చిన రోజున, మా మైదానంలో జెండా ఎగరేసి పానకం పంచారు. పంచింది పిన్నే. నాన్న అలవాటుగా అరచెయ్యి చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం వికారంగా పెట్టి తాగాడు. తర్వాత కళ్ళు తెరిచి, "తియ్యగుందమ్మా," అన్నాడు ఆశ్చర్యంగా. ఆ కంచె ఎక్కడుండేదో ఇప్పుడు నాకే సరిగ్గా గుర్తులేదు గానీ, తీపిని నమ్మడానికి క్షణం పట్టిన నాన్న మొహం మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా దగ్గరగా కనిపిస్తోంది.