మరిది పూచీ

మాది తొర్రూరు దగ్గర పల్లె. నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది.

మా ఆయన చనిపోయిన ఏడాది, ఏరిన పత్తి వాకిట్లో కుప్పగా ఉండగా మబ్బు పట్టింది. వాన రాకముందే మార్కెట్‌కు చేర్చకపోతే కష్టమంతా తడిసిపోతుంది. ఇంట్లో ఆయన పాత ట్రాక్టర్ ఉంది కానీ ట్రాలీ లేదు. కిరాయికి అడిగితే ఇద్దరు, "పాత బండికి మా ట్రాలీ ఇయ్యం" అన్నారు. మూడో ఆయన, ఇంటి మగమనిషి ఎవరైనా పూచీ ఉంటే ఇస్తానన్నాడు.

"మా మరిదిని అడుగు అన్నా. బండి సంగతి ఆయనకే ఎరుక" అన్నాను ధీమాగా. అంతకుముందు వారమే దాని బ్రేకులు బాగుచేయించి, "ఇగ భయం లేదు వదినె" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది ఆయనే.

ట్రాలీ ఆయన ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. నేను పక్కనే ఉన్నానని మరిదికి తెలియదు.

"ఇయ్యకన్నా. గా బండికి బ్రేకులు పడయి. నీ ట్రాలీ బోర్ల పడ్తది."

"మీ వదినె పత్తి తడుస్తది గద తమ్మీ!"

"తడవనీ. అప్పుడే బండి నాకు అగ్గువకు, సగం ధరకే అమ్ముతది. ఆడిమనిషికి ట్రాక్టరెందుకు?"

ఫోన్ మీదికి వంగి, "అయ్యా, నేనే. అంతా విన్న" అన్నాను. ఫోన్ కట్టయింది.

ట్రాలీ ఆయన నా ముఖం చూడలేక, "తగిలించుకపో అక్కా" అన్నాడు. చినుకులు పడేలోపే పత్తి మార్కెట్ చేరింది.

మా ఆయన శవం మీద పడి అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఈ మరిదే. ఆ ఏడుపు నిజమో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.