పీలిక కట్టిన బీరకాయ

ఇర్వింగ్‌లో చలి మొదలయ్యాక హీటర్ తొలిసారి వేసిన రోజు ఇల్లంతా దుమ్ము కాలిన వాసన వేస్తుంది. అందరూ కిటికీలు తెరుస్తారు. నేను మాత్రం మూసుకుని, శాలువా కప్పుకుని, అల్లం టీ గ్లాసు రెండు చేతుల మధ్యా పట్టుకుని ఆ వాసన పీలుస్తూ కూర్చుంటాను, ఎందుకంటే అది మా అత్త వంటింటి పొగలా ఉంటుంది. మావారు పోయి, నేను ఉద్యోగం మానేసి, ఈ ఇంట్లో ఒక్కదాన్నే మిగిలాక నాకున్న సుఖాలు ఇలాంటివే. ఈ మధ్య వాటికీ ఓపిక చాలడం లేదు.

అత్తంటే మా నాన్నగారి అక్క, మా ఇంట్లోనే ఉండేది. ఆవిడ పొయ్యికి పైన దూలానికి ఎండు బీరకాయలు వేలాడుతూ, నెలల తరబడి పొగ తాగి నల్లబడి, గాలి వీస్తే లోపలి గింజలతో గలగలమనేవి. ఆశ్వయుజం వచ్చి, వానలు వెనకబట్టి, తెల్లవారేసరికి ఆకుల మీద మంచు నిలిచే రోజుల్లో అత్త కొంగు బొడ్లో దోపుకుని పాదులన్నీ తిరిగి, అన్నిటికన్నా బలంగా ఉన్న కాయను చూసి, దాని తొడిమకి పాతచీర అంచు పీలిక కట్టేది. కట్టిందంటే అది విత్తనానికి వదిలిన కాయ, ముట్టుకోకూడదు. ఆ సంగతి మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

నాకే తెలియదు. అప్పుడు నాకు ఏడేళ్ళుంటాయేమో. అట్లతద్ది నాడు చీకటితోనే లేపి గోంగూర పచ్చడీ పెరుగన్నం పెడితే తిని, గోరింటాకు పండిన అరచేతులు మాటిమాటికీ వాసన చూసుకుంటూ, తల తిరిగేదాకా ఉయ్యాలలూగి ఇల్లు చేరాను. సాయంత్రం అట్లలోకి పచ్చడి చెయ్యాలి, బీరకాయలు కోసుకురమ్మంది అమ్మ. ఆ ఏడు వానలకి మిగిలింది ఒక్కటే పాదు, పాత గింజలన్నీ అప్పటికే నాటేశారు. ఎర్ర పీలిక కట్టిన కాయని చూసి, పండగకి ముస్తాబు చేసి ఉంచారనుకున్నాను. దాన్నే కోసి, పీలికతో సహా గంతులేస్తూ తెచ్చి అత్త చేతిలో పెట్టాను.

అత్త కాయని చీల్చి చూసింది. గింజలు ఇంకా నల్లబడక తెల్లగా, పాలమీద ఉన్నాయి, నాటినా మొలవవు. "పోనీలేవే, లేతగా ఉంది, పచ్చడి బాగుంటుంది" అంది, అంతే. నిజంగానే బాగుంది. నేను మారు వడ్డించుకుని తిన్నాను కూడా, అదే ఇప్పటికీ సిగ్గు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వీధి చివర సుబ్బమ్మగారింటికి వెళ్ళింది. ఊరందరికీ గింజలు పంచే మనిషి గుమ్మంలో నిలబడి చెయ్యి చాచడం చూస్తే నాకు ఏడుపొచ్చింది. సుబ్బమ్మగారు నవ్వేసి, పొట్లం తెచ్చి, "ఇయ్యి నీయేనమ్మా, నువ్విచ్చిన కాయ తాలూకే" అంది.

నేను అమెరికా వచ్చేటప్పుడు అత్త రుమాల్లో మూటకట్టి ఇచ్చింది ఆ గింజలే. ఏటా నాటాను, ఏటా ఒక కాయకి పీలిక కట్టాను. అత్త పోయింది, ఆ ఇల్లు పడగొట్టేశారు, బీరపాదు మాత్రం ఈ పెరట్లో పాకుతూనే ఉంది. ఈసారి ఉన్న గింజలన్నీ పాతితే టెక్సస్ ఎండలకి ఒక్క తీగే బతికింది. దానికి ఆలస్యంగా పడిన కాయల్లో ఒకదానికి నా నేతచీర అంచు చించి కట్టాను. మోకాళ్ళు మొరాయిస్తున్నా రోజూ సాయంత్రం దాని మీద పాత దుప్పటి కప్పి, పొద్దున్నే తీసేదాన్ని. అది ముదిరి ఎండేదాకా ఈ చలి ఆగితే చాలనుకున్నాను.

నిన్న పక్కింటి శిరీష వచ్చింది. కరీంనగర్ పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"ఆంటీ, ఫ్రీజ్ వార్నింగ్ ఒచ్చింది గదా, మీకు మోకాళ్ళ నొప్పులని నేనే అన్నీ తెంపిన" అంటూ పళ్ళెం బల్ల మీద పెట్టింది. వంకాయలు, పచ్చిమిరపకాయలు, వాటి మీద పీలికతో సహా బీరకాయ. "ఈ రిబ్బన్ కట్టింది స్పెషల్ కావచ్చని పైలంగ కట్ చేసిన."

"పోనీలే అమ్మా, కూర్చో, అట్లు పోస్తాను" అన్నాను. వంకాయ పచ్చడితో నాలుగట్లు తిని, ఆఫీస్ కాల్ ఉందని వెళ్ళిపోయింది.

తరవాత కాయని చీల్చి చూశాను. పచ్చడికి పనికిరానంత ముదిరింది, గింజలు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి.

ఇవాళ హీటర్ వాసనలో కూర్చుని, గింజల కోసం ఎవరింటికెళ్ళి అడగాలా అని ఆలోచిస్తున్నాను. ముప్పై ఏళ్ళుగా ఈ గింజలు నా డబ్బా దాటి ఎక్కడికీ పోలేదు. పోయినేడు శిరీషే అడిగింది, "నాక్కూడ రెండు గింజలియ్యరాదు ఆంటీ, మా ఫెన్స్ పొంటి పెట్టుకుంట" అని. తక్కువున్నాయమ్మా, వచ్చే ఏడు చూద్దాం అన్నాను.