రెఫరీ గారి తల్లి

మా ఆవిడ సువర్ణకుమారికి ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఒక్కటే: ఆ ఆటలో అందరూ అరిచేది మా అమ్మాయి మీదే. మా కరోలిన్ ఆడదు, ఆడిస్తుంది. నోట్లో విజిల్, జేబులో పసుపు కార్డు, ఎర్ర కార్డు. ఇరవై ఒక్కేళ్ల పిల్ల ఆరడుగుల మగాళ్లను వేలు చూపించి వెనక్కి పంపుతుంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది. మా ఆవిడ మాత్రం తల పక్కకి తిప్పేసుకుంటుంది.

ఈ పరదేశంలో మేముండే వెర్రిబీ ఊళ్లో, ముసలివాళ్ల హోమ్‌లో ఆవిడ పద్నాలుగేళ్లుగా పని చేస్తోంది. నరసాపురం మనిషి. ఏ కష్టమొచ్చినా ముందు ఉపవాస ప్రార్థన, తర్వాతే డాక్టరు. నేను సమూయేలును, బస్సు డ్రైవర్ని. ఆకలికి ఆగలేని మనిషిని. ఆ సంగతి దేవుడికి తెలుసు, ఆవిడకే తెలియదు.

ఆ శనివారం కరోలిన్‌కు పరీక్ష. దానికి పై డివిజన్ మ్యాచులు ఇవ్వచ్చా లేదా అని తేల్చడానికి పరిశీలకుడొకాయన వచ్చి కూర్చుని రాసుకుంటాడు. నిరుడు ఒకసారి తప్పింది. కారణం నేనే. ఎవడో దాన్ని తిట్టాడని వాడి మీదకు వెళ్లాను. ‘ప్రేక్షకులను అదుపు చేయలేకపోయింది’ అని రాసి పంపారు. ఈసారి కూడా తప్పితే మరో రెండేళ్లు ఆగాలి. అందుకే ముందురోజు ఫోన్లో మాకు ఆజ్ఞలు వచ్చాయి.

“యూ కెన్ కమ్, బట్ యూ డోంట్ నో మీ. తాడు దాటొద్దు. డాడ్, నాట్ ఎ వర్డ్, ప్లీజ్.”

“సరేలేవే. రాత్రి నుంచి మ్యాచ్ అయ్యేదాకా ఇంటిల్లిపాదికీ ఉపవాసం. మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు” అంది మా ఆవిడ.

“యా, మమ్” అంది పిల్ల.

కరోలిన్ సిటీలో యూనివర్సిటీ దగ్గర స్నేహితురాళ్లతో ఉంటుంది. ఇరవై ఒక్కేళ్లలో వాళ్లమ్మ మాట విన్న పాపాన పోలేదు. అందుకని ఆ ‘యా’ని మేమిద్దరం గాలికి వదిలేశాం.

మర్నాడు కారులో జీలాంగ్ అనే ఊరు దాటాక ఇంకో గంట ప్రయాణం. ఎప్పుడూ చూడని ఊరు. గొర్రెలు మేసే పొలాల మధ్య మైదానం, చుట్టూ తెల్ల తాడు, ఓ రేకుల షెడ్డు, ఓ క్యాంటీను. నూటయాభై మంది ఉంటారు. అందరికీ అందరూ తెలుసు, మేం తప్ప. చలిగాలికి చెవులు తెగిపోతున్నాయి. షెడ్డు దగ్గర మడత కుర్చీలో పరిశీలకుడు ఒడిలో అట్ట పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి సగంలో గోలు పడలేదు. మా పక్కన, ఆ ఊరి జట్టు కండువా కప్పుకున్న బట్టతలాయన మాత్రం ఊరుకోలేదు. “గో బ్యాక్ టు స్కూల్, స్వీట్‌హార్ట్!” అని ఒకటే అరుపు. నా నాలుక దురద పెట్టింది. మా ఆవిడ తన బూటుతో నా కాలు తొక్కిపట్టింది. వదిలితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

విరామంలో బాత్రూముకని చెప్పి నేను క్యాంటీన్ వెనక్కి చేరాను. లోపల మాంసం కూరిన వేడివేడి మీట్ పై ఒకటి కొని రెండు కొరుకులు కొరికానో లేదో, క్యాంటీన్ ఆవిడ ఓ శాండ్‌విచ్ ప్లేటుతో తిరిగొచ్చింది.

“రెఫ్ ముట్టుకోనంటోంది. నిన్న రాత్రి నుంచి ఫాస్టింగట” అని పక్కావిడతో ఇంగ్లీషులో చెప్పింది.

మీట్ పై అక్కడే పారేసి మా ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. సంగతి చెప్పగానే మా ఆవిడ ముఖం పాలిపోయింది. నా మీసానికి అంటిన మీట్ పై పొట్టు చూసి, చేత్తో దులిపేసింది. దాంతో నాకు ఇంకా భయమేసింది.

“దాన్ని ఉపవాసం ఉండమని నేనెందుకంటానండీ? పది కిలోమీటర్లు పరిగెత్తే పిల్లని!”

“ఇంటిల్లిపాదీ అన్నావుగా!”

“అన్నానండీ. అది ఎప్పుడైనా నా మాట విందా?”

ఆవిడ షెడ్డు వైపు కదిలింది. చెయ్యి పట్టి ఆపాను. రెఫరీ గది తలుపు పక్కనే పరిశీలకుడు. ఈలోగా జట్లు బయటికొచ్చేశాయి, కరోలిన్ కూడా.

అక్కణ్నుంచి నేను ఆట చూడలేదు, పిల్ల కాళ్లే చూశాను. అరవయ్యో నిమిషం దాకా బాగానే ఉంది. డెబ్భైలో ఊరి జట్టు గోలు కొట్టింది. ఆ తర్వాత బంతికి మా పిల్ల పదడుగులు వెనకబడటం మొదలైంది. బట్టతలాయన నవ్వాడు. పరిశీలకుడు ఏదో రాసుకున్నాడు. ఉపవాసం విడవడానికి తెచ్చుకున్న ఖర్జూరాల పొట్లం మా ఆవిడ చేతిలో నలిగిపోతోంది.

“ప్రభువా, ఉపవాసం నాది, దానిది కాదు. దాన్ని వదిలెయ్” అని గొణుక్కుంటోంది.

ఎనభై రెండో నిమిషంలో కరోలిన్ అవతలి జట్టుకి పెనాల్టీ ఇచ్చింది. ఊరంతా ఒక్కసారి గొల్లుమంది. ఐదారుగురు ఆటగాళ్లు చుట్టుముట్టారు. ఒకడికి పసుపు కార్డు చూపించి అందరినీ వెనక్కి పంపింది. పంపాక కిందికి వంగి, చెయ్యి నేలకి ఆనించింది.

నేను “సువర్ణా” అనేలోపే మా ఆవిడ తాడు కిందనుంచి దూరిపోయింది. మోకాళ్ల నొప్పులని మెట్లెక్కని మనిషి మైదానం మధ్యకి పరుగెత్తింది. నా ప్రాణం చచ్చిపోయింది. నిరుడు నేను చెడగొట్టాను, ఈ ఏడు ఆవిడ.

పొడుగ్గా విజిల్ మోగింది. ఆట ఆపి కరోలిన్ నిటారుగా నిలబడింది.

“మ్యామ్, లీవ్ ద ఫీల్డ్, ప్లీజ్.”

“తల్లీ, ఇవి నోట్లో వేసుకో. ఉపవాసం అయిపోయింది. దేవుడితో నేను చెప్పుకుంటాను.”

జనం నవ్వారు. పిల్ల రెండు ఖర్జూరాలు తీసుకుని అందరి ముందూ నమిలింది. నమిలి, చెయ్యి బారెడు చాచి తాడు వైపు చూపించింది. మా ఆవిడ బుద్ధిగా వెనక్కి నడిచొచ్చింది.

పెనాల్టీ గోలయింది. చెరొకటి. ఆఖరి నిమిషాలు కరోలిన్ పళ్లబిగువున పరిగెత్తింది.

ఆట అయ్యాక అది మా దగ్గరికొచ్చింది, చేతిలో ఫారం, వెనక పరిశీలకుడు. తాడు దాటిన వాళ్ల మీద రెఫరీ రిపోర్టు రాసి తీరాలట.

“యువర్ ఫుల్ నేమ్, ప్లీజ్.”

“నేలపూడి సువర్ణకుమారి” అంది మా ఆవిడ, చేతులు కట్టుకుని.

“ఈవిడ నీకు తెలుసా?” అని పరిశీలకుడు ఇంగ్లీషులో అడిగాడు.

“షీ ఈజ్ మై మమ్” అంది కరోలిన్. రవ్వంత కూడా తడబడలేదు. అదీ రాసుకుంది. రాశాక సంతకానికి ఫారం వాళ్లమ్మ చేతికిచ్చింది.

పిల్లకి పై డివిజన్ గ్రేడ్ వచ్చిందని మాకు మంగళవారం గానీ తెలియలేదు. ఆవిడకు రెండు మ్యాచుల నిషేధమన్న ఉత్తరమూ అప్పుడే వచ్చింది. ఆ శనివారం సాయంత్రం మాత్రం అంతా పోయిందనే అనుకున్నాం. కళ్లజోడు తేలేదని మా ఆవిడ ఆ ఫారం నాకిచ్చింది. కారణం అన్నచోట మా పిల్ల ఇంగ్లీషులో రాసింది తెలుగులో చదివి వినిపించాను: ‘రెఫరీ ఏమీ తినలేదని ప్రేక్షకురాలు భయపడ్డారు. అది నిజమే. తప్పు రెఫరీది.’

మా ఆవిడ పెన్ను నా చేతిలో పెట్టేసింది.

“నా తప్పు అది తన మీద రాసేసుకుందేంటండీ” అని బట్టతలాయన చూస్తుండగానే ఏడ్చేసింది.