ఆపరేషన్ లారీకి కాలేదు

ఈ సాయంత్రం బీపీ గోళీల కోసం కాశిబుగ్గలోని మెడికల్ షాపుకు వెళ్లాను. గోళీలు వంక మాత్రమే, అక్కడి స్టూలు మీద కూర్చుని ముచ్చట పెట్టడమే నాకు అసలు మందు. షాపాయన ప్రతి ఆడమనిషినీ చెల్లె అంటాడు. ఆ లెక్కన వరంగల్ మగవాళ్లలో సగం మంది ఆయనకు బావలే.

అంతలో మా వీధి సరోజన వచ్చి కండోమ్ ప్యాకెట్ అడిగింది. ఆమె భర్త ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి లోడ్ లారీ తోలుతాడు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు.

షాపాయన గొంతు తగ్గించాడు. "పిల్లలు కాకుంట ఆపరేషన్ అయింది గద చెల్లె, ఇంకెందుకు?"

"ఆపరేషన్ నాకైంది అన్నా, మీ బావ లారీకి కాలే! హెచ్ఐవీ పరీక్ష చేయించుకోమంటే, నా మీదనే అనుమానమా అని అలిగిండు. అలక రెండు దినాలల్ల తగ్గుతది, ఆ రోగం తగ్గుతదా? మగోళ్లు చెప్తే ఇంటడు. జర నువ్వు చెప్పు."

"బావతోని గివేం ముచ్చట్లు చెల్లె!" అంటూ ఆయన మందుల అలమారలో తల దూర్చాడు.

ఆమె నా వైపు తిరిగింది. "తాతా, నువ్వు పొద్దుందాక మాట్లాడుతనే ఉంటవు గద, నువ్వు చెప్పు."

ఒప్పుకున్నాను. రేపు పొద్దున అతను లారీ దిగుతాడు. రామప్ప గుడి ఇటుక నీళ్ల మీద ఎందుకు తేలుతుందో గంటసేపు చెప్పగలను గానీ, దీనికి మొదటి వాక్యమే దొరకడం లేదు. అతను అలగకుండా పరీక్షకు కదిలేలా మాట ఎక్కడ మొదలుపెట్టాలో, తెలిసినవాళ్లు తెల్లారేలోగా కింద రాయండి.