సుబ్బమ్మ మేడం ఎంచిన సైకిలు

ప్రొద్దుటూరులో నేను టపా పంచే దారి సైకిలు షాపులున్న వీధి మీదుగానే పోతుంది. పొద్దున షట్టర్లు లేచీ లేవకముందే కొత్త టైర్ల రబ్బరు వాసన రోడ్డు మీదికి వచ్చేస్తుంది. కొంతమందికి ఆ వాసన గిట్టదు, తలనొప్పి అంటారు. నాకు మాత్రం సుబ్బమ్మ మేడం వచ్చి పక్కన నిలబడినట్టే ఉంటుంది. చేతిలో గొడుగు, బుగ్గన వక్కపలుకు, ఎవరినైనా సరే ఒక మాట అనేదాకా ఊరుకోని నోరు. పోయిన ఏడాది కన్నుమూసింది. ఆమె ఎవరో మీకు తెలియదు కాబట్టి మొదటి నుంచి చెప్తాను. అందులో నా అబద్ధం ఒకటి ఉంది, దాన్ని కూడా దాచను.

మాది వేముల దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. పదో తరగతిలో మార్కులు బాగా వచ్చాయి. ఆ మార్కుల పుణ్యాన రాజుపాలెం పక్కన ఒక ఊళ్ళో టపా పంచే ఉద్యోగం దొరికింది. దరఖాస్తులో సైకిలు తొక్కడం వచ్చునా అని ఒక ప్రశ్న ఉండేది. రాకపోతే ఆ ఉద్యోగానికి అర్హతే లేదు. పులివెందుల నెట్ సెంటర్లో కూర్చుని, వచ్చు అని టిక్కు పెట్టించాను. నిజానికి అప్పటికి నేను సైకిలు సీటు మీద కూర్చున్నది కూడా లేదు. మా ఇంట్లో సైకిలు అన్నలది, గొర్రెలు నావి. అదేమంత బ్రహ్మవిద్యా, నాలుగు రోజుల్లో నేర్చుకోవచ్చులే అనుకున్నాను. నా ధైర్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకే నవ్వొస్తుంది.

ఆ ఊళ్ళో పోస్టాఫీసంటే ఒక గది, ఒక బల్ల, సుబ్బమ్మ మేడం. జమ్మలమడుగులో పుట్టి ఆ ఊరికి కోడలిగా వచ్చిన మనిషి, ముప్పై ఏళ్ళుగా ఆమే పోస్టుమాస్టరు. ఆమె ఉత్తరాల మీద ముద్ర వేసి ఇస్తే నేను మూడు పల్లెలు తిరిగి పంచాలి. మొదటి వారం నడిచీ, దొరికిన ఆటో ఎక్కీ పంచాను. సైకిలు ఊరి నుంచి తెప్పిస్తున్నానని రెండో అబద్ధం చెప్పాను. ఎనిమిదో రోజు ఆమె తల ఎత్తకుండా, ముద్ర వేస్తూనే, నెల తిరిగేలోగా పైనుంచి ఓవర్సీరు వస్తాడని చెప్పింది. నేను సైకిలు తొక్కుతుంటే ఆయన దారంతా వెంట వచ్చి చూస్తాడట. సరేనని రాస్తేనే ఉద్యోగం నిలుస్తుంది. మా పాపకు గవర్నమెంటు ఉద్యోగమొచ్చిందని నాన్న అప్పటికే ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. నా అబద్ధం బయటపడితే ఉద్యోగం ఎట్లాగూ పోతుంది, ఆయన ఆ ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు.

ఊరి నుంచి వచ్చేదాకా ఎందుకు, కొత్తదే కొందాం పదమని మేడమే అనడంతో, ఆ ఆదివారమే ఇద్దరం బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చాం. నా దగ్గర నాన్న ఒక పొట్టేలును అమ్మి ఇచ్చిన డబ్బు ఉంది, అంతకు మించి లేదు. షాపులో అడుగు పెట్టగానే నా కళ్ళు ఒక ఎర్ర సైకిలు మీద పడ్డాయి. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, ఏడు గేర్లు. తొక్కడం రాని మనిషి బుర్ర ఎట్లా పనిచేస్తుందో చూడండి: ఇన్ని గేర్లుంటే సగం పని అదే చూసుకుంటుందని అనుకున్నాను. షాపాయన ఎంతలో కావాలని నన్నడిగాడు. మేడం అడ్డం వచ్చింది.

"దుడ్ల సంగతి తర్వాతప్పా. ఈ పాప యాడికి పోవాలో అడుగు ముందు."

యాడికి పోవాలో మళ్ళీ ఆమే చెప్పింది. మూడు పల్లెలు, అందులో రెండింటికి నల్లరేగడి దారి. ఆ తర్వాత పరీక్ష మొదలుపెట్టింది. ఎర్ర సైకిలు మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేళ్ళు దూర్చి చూస్తే ఒక్క వేలే పట్టింది. రేగడి మట్టి అందులో ఇరుక్కుంటే తోసినా చక్రం తిరగదంది. గేర్ల మీది సన్న గొలుసును గోటితో తట్టి, దీంట్లో మట్టి పోతే మన ఊళ్ళో బాగుచేసే ఆయన దగ్గర పానా, సుత్తీ తప్ప ఏమున్నాయని అడిగింది. నేను ఆశ చావక ఆడవాళ్ళ సైకిళ్ళ వైపు చూశాను. అడ్డకమ్మి లేనిదాన్ని భుజానికి ఎట్లా తగిలిస్తావంటూ అక్కడినుంచి కూడా లాక్కొచ్చింది. చివరికి మూలనున్న ఒక నల్ల సైకిలు దగ్గర ఆగింది. గేర్లు లేవు, స్ప్రింగులు లేవు, లావు గొలుసు ఒకటే. మడ్‌గార్డు కింద మూడు వేళ్ళు సుళువుగా పట్టాయి.

"భుజాన ఎత్తుకోని ఆ రోడ్డు చివరి దంకా పోయి రా పాపా," అంది. "వానాకాలంలో నువ్వు దాన్ని ఎక్కేది సగం, అది నిన్ను ఎక్కేది సగం. మోయలేనిది కొనగాకు."

బజారు నిండా జనం. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా గొర్రెపిల్లల్ని మెడ మీద వేసుకుని వంకలు దాటినదాన్ని, ఈ సైకిలు ఒక లెక్కా అనుకుని ఎత్తుకుపోయి వచ్చాను. షాపాయన నవ్వు ఆపుకోలేక టీ తెప్పించాడు. ఎర్రదాని కంటే తక్కువకే వచ్చింది కాబట్టి, మిగిలిన దాంతో మేడం గాలి పంపూ, వెనక సంచి కట్టుకునే క్యారియరూ ఇప్పించింది. ఒకసారి తొక్కి చూసుకోమ్మా అని షాపాయన అన్నప్పుడు మాత్రం నేను కొయ్యబారిపోయాను. బస్సు టైమయిందంటూ మేడం అప్పటికే బయటికి నడిచింది.

మరుసటి రోజు నుంచి పొద్దున్నే బడి మైదానానికి రమ్మంది. కొత్త బండి కదా, చెయ్యి అలవాటు కావాలని ఆ సాకు కూడా ఆమే చెప్పింది. నేర్చుకో అని ఒక్కసారీ అనలేదు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, క్యారియరు పట్టుకుని నా వెనకే నడిచేది. నేను పడితే నన్ను లేపేది కాదు, సైకిలును లేపేది. నీకైతే తోలు మళ్ళా వస్తాది, దానికి రంగు పోతే పోయినట్టే అని తిట్టేది. పెడళ్ళు మోకాలి కింద కొట్టి కొట్టి రక్తం కారేది. పదిహేనో రోజు ఆమె రాలేదు. చూసి చూసి ఒళ్ళు మండి, ఈమెకిప్పుడే ఏం పని వచ్చిందో అని గొణుక్కుంటూ సైకిలెక్కాను. ఆఫీసు ముందు దిగేదాకా వెనక ఎవరూ పట్టుకోలేదన్న సంగతే నాకు తట్టలేదు.

ఓవర్సీరు వచ్చిన రోజు తెల్లవారేదాకా వాన. ఆయన మోటారు సైకిలు మీద నా వెనక బయలుదేరాడు. కంకర రోడ్డు ఉన్నంతవరకు తొక్కాను. రేగడి దారి మొదలయ్యాక నాలుగు బారలు పోగానే ఆయన బండికి మట్టి చుట్టుకుని కదలకుండా నిలిచిపోయింది. నేను దిగి, సంచి మెడకు తగిలించుకుని, సైకిలును భుజానికెత్తుకున్నాను. పల్లెలో ఒక ముసలాయనకు రిజిస్టరు ఉత్తరం ఇచ్చి, సంతకం తీసుకుని తిరిగి వచ్చేసరికి ఓవర్సీరు ఇంకా పుల్లతో మట్టి గీక్కుంటున్నాడు. నేనూ ఒక పుల్ల తీసుకుని కూర్చున్నాను. ఆఫీసుకొచ్చాక ఆయన, తొక్కేదీ చూశాను, మోసేదీ చూశాను, ఇంకేం రాయాలి అంటూ సంతకం పెట్టేశాడు. మేడం మళ్ళీ ముద్రలు వేసుకోసాగింది. నేను గది వెనక్కి పోయి తనివితీరా ఏడ్చాను.

ఆమె దగ్గర నాలుగేళ్ళు పనిచేశాక పరీక్ష రాసి ప్రొద్దుటూరుకు వచ్చాను. ఆమె రిటైరై పులివెందులలో తమ్ముడి ఇంటికి చేరింది. చివరిసారి చూడటానికి పోయినప్పుడు మంచంలో ఉంది, నోరు మాత్రం మంచం పట్టలేదు. మాటల మధ్య, ఎన్నేళ్ళుగానో గొంతులో అడ్డం పడి ఉన్నదాన్ని కక్కేశాను. సైకిలు రాకుండానే వచ్చని రాశానని చెప్పాను. ఆమె నవ్వింది.

"మొదటి దినమే తెల్సు. నువ్వు కొళాయి కాడ కాళ్ళు కడుక్కుంటాంటే చూసినా. సైకిలు తొక్కేటోళ్ళకు మోకాలి కింద ఒక్క మచ్చన్నా ఉంటాది. నీ కాళ్ళు అద్దం మాదిరి ఉండె."

మరి పైవాళ్ళకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేనూ అట్లే రాసినా పాపా. నా కాలంలో గూడా ఆ ప్రశ్న ఉండె. నాది కూర్చోని చేసే పని, ఎవురూ అడగల్యా. ముప్పై ఏండ్లు టపా పంచేటోళ్ళు నా బల్ల ముందర నిలబడి సైకిళ్ళను తిట్టేది వింటా వచ్చినా, అంతే. ఒక్క దినం ఎక్కల్యా. నాది అబద్ధంగానే ఉండిపాయ. నీదన్నా నిజం జేస్తామనుకున్యా."

తిరుగు బస్సులో ముద్దనూరు దాటేదాకా నా కళ్ళు ఆరలేదు. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు కంప్యూటరు వచ్చనీ, ఇంగ్లీషు వచ్చనీ, బండి నడుపుతామనీ చెప్తుంటారు. రాదని వాళ్ళ చేతులు చూస్తేనే తెలిసిపోతుంది. నాకు కోపం రాదు. వీళ్ళకు నేర్పడానికి ఎన్ని రోజులు పడుతుందా అని మాత్రం ఆలోచిస్తాను.