పద్దెనిమిదిన్నర మీటర్లు

డిపోలో అందరూ ఆమెను నిదానమ్మ అనేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపి, బండికి ఒక్క గీత పడనివ్వలేదు. నిదానమ్మ బండెక్కితే పెళ్ళికి బయల్దేరినవాళ్ళు పురిటికి చేరతారని కండక్టర్లు వేళాకోళం చేసేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. భర్త పోయాక ఆ స్టీరింగు పట్టుకునే కూతుర్ని పెంచుకొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆమె బస్సు ఒక మనిషిని గుద్దింది. అతను గడియారాలు బాగుచేసేవాడు. ఇంట్లో భోంచేసి, సైకిలు మీద కొట్టుకు తిరిగి వెళ్తూ సందులోంచి రోడ్డెక్కాడు. ఆమె బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేసింది. బస్సు ఆగింది కానీ అతన్ని కొట్టాకే ఆగింది. ప్రాణం దక్కింది. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

విచారణలో ఎంత స్పీడులో ఉన్నావని అడిగితే నలభై అంది. రోజూ వెళ్ళే స్పీడు అదే కాబట్టి నోటికి అదే వచ్చింది. అబద్ధమాడుతున్నానన్న ఊహ కూడా ఆమెకు లేదు. విచారణాధికారి ఆమె పాత రికార్డు తిరగేసి, చూసుకోకుండా అడ్డొచ్చిన సైకిలు మనిషిదే తప్పని రాసేశాడు. ఆ రిపోర్టు నకలు ఒకటి ఆమె చేతికీ వచ్చింది.

తప్పు లేదని తేలినా సందు కనబడ్డ చోటల్లా బస్సు ఆపేసేది. చివరికి ఆమెను ప్రయాణికులు మర్చిపోయిన గొడుగులు, సంచులు దాచే గదిలో కూర్చోబెట్టారు. ఏడాది గడిచాక కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే పోస్టు ఒకటి పడింది. దానికి పరీక్ష రాయాలి. అందులో భౌతికశాస్త్రం ఒక పేపరు. పుస్తకం మూసి పాతికేళ్ళయిన మనిషికి అది కొండే. అదృష్టం కొద్దీ కూతురు పన్నెండో తరగతిలో ఉంది. తనకూ అవే పాఠాలు, ఇంచుమించు అప్పుడే పరీక్షలు.

రోజూ సాయంత్రం ఆరింటికి వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ కూర్చునేవాళ్ళు. కూతురు టీచరమ్మకు తక్కువేమీ కాదు. తొలి వేగం, తుది వేగం, త్వరణం, దూరం, కాలం అని నిలువుగా రాయించేది. ఇచ్చినవేవో, అడిగిందేదో ముందు చూసుకోమనేది. కాలం ఇవ్వకపోతే, అడక్కపోతే కళ్ళు మూసుకుని మూడో సూత్రం పట్టుకోమనేది. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడం తల్లి మాటిమాటికీ మర్చిపోయేది. బ్రేకు వేసినప్పుడు మైనస్ పెట్టాలన్నదీ మర్చిపోయేది. ఇన్నేళ్ళు బ్రేకు తొక్కిన కాలికి మైనస్ గుర్తు తెలీకపోతే ఎలాగమ్మా అని కూతురు నవ్వేది.

ఆ రోజు ఆరో లెక్క చేస్తున్నారు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే బస్సు వేగం ప్రతి సెకనుకూ, సెకనుకు ఆరు మీటర్ల చొప్పున తగ్గుతుంది. సెకనుకు పదిహేను మీటర్ల వేగంతో పోతున్న బస్సు ఎంత దూరంలో ఆగుతుంది? ఆమె తప్పు లేకుండా చేసింది. పదిహేనుని పదిహేనుతో హెచ్చవేసి, ఆరుకు రెట్టింపు పన్నెండుతో భాగించింది. పద్దెనిమిది పాయింట్ ఏడు ఐదు. కూతురు టిక్కు పెట్టి పేజీ తిప్పబోతే, ఆమె పేజీ మీద చెయ్యి పెట్టి ఆపింది.

రోడ్డు మీద టైర్ల చారలు పద్దెనిమిదిన్నర మీటర్లు ఉన్నాయని రిపోర్టులో ఉంది. ఆ కాగితం ఆమెకు కంఠతా వచ్చు. సెకనుకు పదిహేను మీటర్లంటే గంటకు ఎంతో కట్టి చూసుకుంది. యాభై నాలుగు.

మర్నాడు గొడుగుల గదిలో రిపోర్టు ముందు పెట్టుకుని లెక్క వెనక్కి చేసి, చారల పొడవు నుంచి వేగం కట్టింది. యాభై మూడు దాటింది. తర్వాత నలభై వేసి చేసింది. పది మీటర్లు దాటీ దాటకుండా బస్సు ఆగిపోతోంది. చారలు మొదలైన చోటికి పద్నాలుగు మీటర్ల అవతల సైకిలును కొట్టిందని అదే కాగితంలో ఉంది.

సాయంత్రం కూతురికి చూపించింది.

"ఆ ఆరు పుస్తకంలోదమ్మా. నీ బస్సుకి ఐదే ఉండొచ్చు. నాలుగు కూడా అవ్వొచ్చు" అంది.

"నాలుగు వేసి చెయ్యి."

చేసింది. నలభై మూడు దాటింది. ఐదు వేస్తే నలభై తొమ్మిది.

"ఆ వారమే కొత్త బ్రేకులు వేశారే. బండి ఎక్కడ తొక్కితే అక్కడ ఆగేది" అంది తల్లి.

అప్పుడు మిగతాదీ చెప్పింది. ఆ రోజు ట్రిప్పు ఏడు నిమిషాలు వెనకబడింది. బస్టాండులో వేళలు చూసే కంట్రోలరు అందరి ముందూ చివాట్లు పెట్టాడు. ఆ కోపంలో, రోడ్డు ఖాళీగా ఉందని కాలు కాస్త గట్టిగా నొక్కింది. ఈ సంగతి ఏడాదిగా ఒక్కసారీ మనసులోకి రానివ్వలేదు.

ఎవరికైనా చెబుతావా అని కూతురు అడిగింది. ఉద్యోగం పోతే ఏం చేస్తామంది. కనీసం తన పరీక్షలయ్యేదాకా ఆగమని బతిమాలింది. ఆమె ఆగింది. మూడు వారాలు రోజూ బల్ల దగ్గర కూర్చుంది కానీ ఒక్క లెక్కా సాగలేదు.

కూతురి చివరి పరీక్ష మర్నాడే గడియారాలతని ఇంటికి వెళ్ళింది. అతను కిటికీ దగ్గర బల్ల వేసుకుని, కంటికి భూతద్దం బిగించుకుని పని చేస్తున్నాడు. భార్య కూర్చోమంది. ఆమె నిలబడే చెప్పేసింది. నలభైలో వెళ్ళలేదని, వెళ్ళుంటే బస్సు అతని దాకా వచ్చేది కాదని చెప్పి, లెక్క చేసిన కాగితం బల్ల మీద పెట్టింది.

అతను భూతద్దం తీసి ఆ కాగితం పైనుంచి కిందిదాకా చదివాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"నేను రెండు వైపులా చూసే వచ్చానని ఎన్నిసార్లు చెప్పానే నీకు. కళ్ళు నెత్తిన పెట్టుకుని వచ్చావని ఏడాదిగా దెప్పుతూనే ఉన్నావు."

భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ఇది ఆఫీసులో ఇస్తారా?" అని అతను అడిగాడు. ఇస్తానంది. "ఇవ్వండి. ఇక వెళ్ళండి" అన్నాడు.

మూసేసిన ఫైలు ఎందుకు తెరుస్తావమ్మా అని అధికారి విసుక్కున్నాడు. ఆమె రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకుంది. విచారణ మళ్ళీ జరిగింది. అది తేలేదాకా ఆమెను శిక్షణ పోస్టు పరీక్ష రాయనివ్వలేదు. తప్పు అతనిదన్న వాక్యం కొట్టేసి ఆమెదని రాశారు. ఆరు నెలలు సస్పెండ్ చేశారు. పరీక్షకు రెండేళ్ళదాకా కూర్చోనిచ్చేది లేదన్నారు. ఆ ఆరు నెలలు ఆమె ఒక బట్టల కొట్లో చీరలు మడతపెట్టింది. కూతురు ట్యూషన్లు చెప్పింది.

రెండేళ్ళు గడిచాక పరీక్ష రాసి, బొటాబొటీ మార్కులతో గట్టెక్కింది. మొదటి రోజు క్లాసులో తొమ్మిదిమంది ఉన్నారు. బోర్డు మీద మూడో సూత్రం రాసి, తను చేసింది దాచకుండా చెప్పింది. వెనక బల్ల మీదున్న అమ్మాయి ఒకతె, ఆయన ఇప్పుడెలా ఉన్నాడని అడిగింది.

"కట్టుడుకాలితో, కర్ర పట్టుకుని కొట్టుకు నడిచి వెళ్తున్నాడు. నేను ఎదురైతే తల తిప్పుకుంటాడు" అని చెప్పి, ఆమె డస్టరు అందుకుంది.