జుగ్సలాయిలో తెలిసిన ‘సీత’

నేను జంషెడ్‌పూర్ వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు, మా బావ సంగతి తేల్చుకోవడానికి. అక్కడ క్రేన్ ఆపరేటరుగా పనిచేస్తున్న బావ నెల రోజులుగా ఫోన్‌లో ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడట. “సీత, సీత అంతన్నాడే. నేను గదిలోకెల్తే ఆపేత్తన్నాడు” అని అక్క ఫోన్‌లో ఏడ్చింది. విజయనగరంలో రాత్రి రైలెక్కి పొద్దున్నే టాటానగర్‌లో దిగాను. పర్సుడీహ్‌లో అక్క ఇంటికి షేర్ ఆటోకి ఇరవై రూపాయలే అయింది. నన్ను చూడగానే బావ “ఏటి, సెప్పకుండా వచ్చీసావు?” అంటూ తనే టీ పెట్టి ఇచ్చాడు. ఎన్నడూ లేని ఆ మర్యాద కూడా నాకు అనుమానంగానే తోచింది.

సాయంత్రం ఐదింటికి బావ నున్నగా తల దువ్వుకుని, మార్కెట్‌కని చెప్పి బండి తీశాడు. చేతిలో సంచి లేదు. అక్కా నేనూ ఆటో ఎక్కి వెనకాలే వెళ్లాం. “పీఛా కర్ రహీ హో క్యా, దీదీ?” ఎవరినైనా వెంబడిస్తున్నారా అని డ్రైవర్ నవ్వాడు. అక్క నవ్వలేదు. జుగ్సలాయి మార్కెట్ ఇరుకు రోడ్డులో ఒక గోదాము ముందు బండి ఆపి బావ మేడెక్కాడు. మేం మెట్ల మీద నిలబడి విన్నాం. లోపల ఒక ఆడమనిషి నవ్వుతోంది. తర్వాత బావ గొంతు, “మి సీత” అని. అక్క తలుపు తోసేసింది.

లోపల బల్లల మీద నలుగురు మగవాళ్లు, బోర్డు దగ్గర ఒక టీచరమ్మ ఉన్నారు.

“సీతెవర్తి?” అని అరిచింది అక్క.

టీచరమ్మే హిందీలో చెప్పింది, అది స్పానిష్ మాటని. మి అంటే నా, సీత అంటే అపాయింట్‌మెంట్. ‘ఉనా సీత కోన్ ఎల్ మెదికో’ అంటే డాక్టరుతో అపాయింట్‌మెంట్. “ఎవరితో అన్నది చెప్పకుండా ఊరికే సీత ఉందంటే మాత్రం ప్రియురాలిని కలవబోతున్నాడనుకుంటారు. ఈయన ఎప్పుడూ సగమే చెప్తాడు, అందుకే నవ్వాను” అంది.

“మెక్సికోలో క్రేన్ పనుందన్నారు, రెండేళ్లు. ఫోన్‌లో కూడా ఈ పాఠాలే. ముందే సెప్తే నువ్వు వద్దంతావని...” బావ నసిగాడు.

“వద్దనడానికైనా నాకు తెలియాల గదా?” అంది అక్క. తర్వాత వెనక బల్ల మీద కూర్చుని, క్లాసు అయ్యేదాకా కదల్లేదు.

మెక్సికో సంగతి ఇంకా తేలలేదు. ‘సీత’ మీద మా అనుమానం మాత్రం ఒక్క నిమిషంలో పోయింది. రెండేళ్లు దూరమవుతాడన్న దిగులు కన్నా, నెల రోజులు పక్కనే ఉండి దాచాడన్నదే అక్కను ఎక్కువ బాధపెట్టింది. ఇకనుంచి అతను క్లాసుకి వెళ్తే తనూ వెళ్తానంది. మీరు సాయంత్రం జుగ్సలాయి వెళ్తే ఆటోని మార్కెట్ బయటే వదిలేయండి. లోపల లారీలు సరుకు దించుతుంటాయి, నడిస్తేనే త్వరగా చేరతారు.